గుండ్లు ఎక్కడికి పోయాయి

జూన్ 2

డాక్టరు ఇంకా బతికే ఉన్నాడు. ఇవాళ ఉదయం కూరగాయల దుకాణంలో చూశాను. టమాటాలు ఒక్కొక్కటీ పైకెత్తి వెలుగులో తిప్పి చూస్తున్నాడు, వాటిని తనే కనిపెట్టినట్టు. నన్ను చూసి చేతిలోది కింద పెట్టాడు. నేను సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా మా ఇద్దరి మధ్య సంభాషణ ఇంతే. మొత్తం మీద బాగానే సాగుతోంది.

అతను రోగుల డాక్టరు కాడు, పొడుల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న డాక్టరు. ఫ్యాక్టరీలో అతనిది ప్రయోగశాల, నాది పొడి గది. మధ్యన ఒకటే గోడ. చివరి పదిహేడేళ్ళూ ఆ గోడకు అటూ ఇటూ చీటీలతో ఉద్యోగం చేశాం.

ఫ్యాక్టరీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయట, ప్రత్యేక సంచిక వేస్తారట. నన్నొక వ్యాసం అడిగారు. నెలాఖరులోగా ఇవ్వాలి. "తీపి గుర్తులు రాయండి సార్" అన్నాడు సంపాదకుడు ఫోన్లో. అలాగే నాయనా. ఆకలి పుట్టాలంటే ముందు కాస్త చేదు తగలాలి.

జూన్ 3

పెన్సిళ్ళు చెక్కాను. ఆరు. వాన పడుతోంది. బాల్కనీలో కుర్చీ జరుపుకుని టీ తాగాను. పగ ఉన్నవాడికి ముసలితనంలో పొద్దు బాగా గడుస్తుంది.

జూన్ 5

వ్యాసం మొదటి రెండు పేజీలు అయ్యాయి. మా పని తెలియనివాళ్ళ కోసం మొదటినుంచీ చెప్పుకొచ్చాను. ఇందులో దిద్దవలసిందేమీ కనపడలేదు కాబట్టి ఇక్కడా ఎత్తి రాస్తున్నాను.

కరెంటు తీగ మీద పిడుగు పడితే ఇళ్ళలో దీపాలు, ఆసుపత్రిలో యంత్రాలు మాడిపోకుండా కాపాడేది మా బిళ్ళ. అరచేతి వెడల్పు, బూడిద రంగు, ఎవరూ రెండోసారి చూడరు. మామూలు రోజుల్లో కరెంటును తనలోంచి పోనివ్వదు. పిడుగు తాకిన క్షణంలో గేటు బార్లా తెరిచి దెబ్బనంతా భూమిలోకి పంపేస్తుంది. మరుక్షణం ఏమీ ఎరగనట్టు మూసుకుంటుంది. పెద్ద సంసారాన్ని ఈదుకొచ్చే ఇల్లాలి గుణం.

అసలు సరుకు జింక్ ఆక్సైడు, తెల్ల పొడి. నూటికి తొంభై పాళ్ళ పైన అదే. తక్కినవన్నీ చిటికెలు: బిస్మత్, ఆంటిమొనీ, కోబాల్ట్, మాంగనీసు. అన్నీ కలిపి నీళ్ళు పోసి మిల్లు జాడీలో రాతి గుండ్లతో పగలంతా రుబ్బుతాం. ఆరబెట్టి, బిళ్ళలుగా నొక్కి, పన్నెండు వందల డిగ్రీల్లో కాలుస్తాం. కొలిమిలో జింకు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెరుగుతాయి. బిస్మత్ కరిగి రేణువుకీ రేణువుకీ మధ్య పొలం గట్టులా పరుచుకుంటుంది. కరెంటును ఆపేది ఆ గట్టే. వరద వస్తే పొంగనిచ్చేదీ అదే. కోబాల్టూ మాంగనీసూ ఆ గట్టును దిట్టం చేస్తాయి.

ప్రపంచమంతా మరో చిటికె కూడా వేస్తుంది, అల్యూమినియం. గట్లు ఒక్కటే చాలవు, మడిలో నీరు సాఫీగా పారాలి. రేణువు లోపల కరెంటు పారడానికి ఆ చిటికె. అయితే అది పాలు మించిందంటే బిళ్ళలోంచి మామూలు రోజుల్లో కూడా కరెంటు కారుతుంది. ఆ గొడవే లేకుండా, కోబాల్ట్ పాలు ఒక్కటి సరిచూసుకుని, అల్యూమినియం లేని బిళ్ళను పిడుగుకు నిలబెట్టింది మా ఫ్యాక్టరీ. నిలబెట్టింది నేను. దాని మీద పరిశోధన పేపరు రాసి పతకం మెళ్ళో వేసుకున్నది డాక్టరు. పేపరు చివర ఒక్క వాక్యం: "పొడి గది సిబ్బందికి కృతజ్ఞతలు." సిబ్బంది అంటే నేను, మిల్లు తిప్పే గుండ్లక్క.

కాగితాలు ఎగరకుండా బల్ల మీద బరువు ఉంచాను. మిల్లులో వేసే తెల్ల గుండు, కొత్తది, నిమ్మకాయంత. పదవీ విరమణ నాడు జేబులో వేసుకొచ్చాను. ఎవరూ అడగలేదు.

జూన్ 7

కోడలు ఇవాళ మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. కంచంలో చెంచాతో గీతలు గీస్తూ కూర్చుంది. రెండేళ్ళుగా బిళ్ళల సెక్షన్‌కు తనే పెద్ద. నా కుర్చీలోనే కూర్చుంటుంది. నేను గోడకు తగిలించిన చెక్క పలకను తీయలేదని విన్నాను. "తేదీ లేని నమూనా నమూనా కాదు, చెత్త" అని నా చేతిరాతతో ఉంటుంది. ఆ ఒక్క పనికే ఆ పిల్లంటే నాకు గౌరవం.

"ఏమైందమ్మా?"

"మళ్ళీ పోయాయి మావయ్యగారూ."

"ఎన్ని?"

"ఎన్ని ఏమిటి, లాట్ మొత్తం."

మామూలు కరెంటు దగ్గర బిళ్ళలు ఇంత బాగా ఎన్నడూ లేవట. ఒక్క చుక్క కారడం లేదట. కానీ పిడుగంత దెబ్బ కొట్టే యంత్రం పక్క ఊళ్ళోని పరీక్షా కేంద్రంలోనే ఉంది. అక్కడ కొట్టేసరికి గేటు సగమే తెరుచుకుంటోందట.

"అయితే ఏమవుతుంది?" అన్నాడు మా అబ్బాయి. వాడు పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోట్లో చేతులు పెట్టి మాట్లాడటం అలవాటు, అందుకని జవాబు వస్తే కొంచెం కంగారు పడతాడు.

"ఏమవుతుందా? బిళ్ళలోంచి పోవలసిన పిడుగు మనింట్లోకొస్తుంది" అంది కోడలు.

ఈ నెల ఇరవై ఎనిమిదిన ఆఖరి పరీక్ష. అదీ పోతే సెక్షన్ మూసేసి బిళ్ళలు బయటనుంచి తెప్పిస్తారు. ముప్పై నలుగురు పనివాళ్ళు. "ఆవిడొచ్చింది, అద్దాల్లా తుడిచింది, మంగళం పాడింది" అంటున్నారట వెనకాల. తను వచ్చాక అన్నీ కొత్తవే మరి: మిల్లు, గుండ్లు, గొట్టాలు, తలకు టోపీలు.

"కోబాల్ట్ చూశావా?" అన్నాను.

"నాలుగుసార్లు చూశాను."

"ఐదోసారి చూడు."

చెంచా ఆపి నా వంక చూసింది. మళ్ళీ గీతలు గీసుకుంది.

జూన్ 8

కోబాల్టే.

జూన్ 9

పన్ను కట్టించుకోవడానికి అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. నోరు తెరిపించి, దూది కుక్కి, ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ఇది జిర్కోనియా నాన్నా. నీ కోడలు మిల్లులో వేయించిన గుండ్లు కూడా ఇదే సరుకు. చచ్చినా అరగదు. నీ పాత గుండ్లలా కాదు. ఎదురుగా ఉన్న పన్ను అరగాలే కానీ ఇది అరగదు."

నోరు తెరిచి ఉంది కాబట్టి అడ్డు చెప్పడానికి లేకపోయింది. జీవితంలో మొదటిసారి ఒక మాట పూర్తిగా విన్నాను. అక్కణ్ణించి ఇంటికి రాకుండా గుండ్లక్క ఇంటికి నడిచాను.

ఆవిడ దర్జీ కొట్టు పై వాటాలో ఉంటోంది. మెట్ల పొడుగునా పూలకుండీలు. ప్రతి కుండీలోనూ మట్టి మీద తెల్లటి చిన్న చిన్న గుండ్లు పరిచి ఉన్నాయి.

"సారు దారి తప్పారా?"

"పన్ను కట్టించుకుని వస్తున్నానక్కా."

"అయితే కొరకడం మళ్ళీ మొదలన్నమాట."

"ఇవన్నీ మన గుండ్లేనా?"

"మనవే. అరిగి జల్లెడ కంతలోంచి జారిపోయేంత అయ్యాక పారేయమనేవారుగా. పారేయడానికి చేతులు రాలేదు. తడి ఆరకుండా ఉంటాయి మొక్కకి."

"కొత్తవి ఏడాదికి ఎన్ని పోసేవాళ్ళం?"

"ఇరవై కిలోల డబ్బా. ఏడాదికొకటి, లెక్క తప్పకుండా. జాడీలో మట్టం పడిపోయేది కదా మరి."

"అంత అరిగేవా?"

గుండ్లక్క నీళ్ళ చెంబు కింద పెట్టింది. "అరక్కేం చేస్తాయి? పొద్దస్తమానం ఒకదాన్నొకటి రుద్దుకుంటే మొగుడూ పెళ్ళాలే అరుగుతారు. మీరూ ఆ డాక్టరు సారూ అంతంత చదువుకున్నారు గానీ ఒక్కనాడూ అడగలేదు. ఏడాదికి ఇరవై కిలోలు ఎక్కడికి పోతున్నాయనుకున్నారు సారూ? గాల్లోకా?"

మెట్ల మీద కూర్చుండిపోయాను. కుండీలోంచి ఒక గుండు తీసి ఇచ్చింది. శనగగింజంత. ఒకప్పుడు నా బల్ల మీది గుండంత ఉండేది. కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాను.

ఆ గుండ్లు అల్యూమినా. అంటే అల్యూమినియమే, రాయి రూపంలో. మేం పొడిని కొన్నప్పుడు పరీక్షించేవాళ్ళం. రుబ్బాక ఒక్కసారి కూడా పరీక్షించలేదు. రుబ్బితే పొడి మెత్తబడుతుంది కానీ మారదని మా ఇద్దరి నమ్మకం. అల్యూమినియం లేని బిళ్ళలో మొదటి రోజునుంచీ అల్యూమినియం ఉంది. మేం వెయ్యలేదు, గుండ్లు వేశాయి. కోడలు అరగని గుండ్లు తెచ్చింది, వెయ్యడం ఆగిపోయింది.

అంటే కోబాల్ట్ చేసిందేమీ లేదు. నేను చేసిందేమీ లేదు. డాక్టరు నా దగ్గర దొంగిలించిందీ ఏమీ లేదు.

రేపు చెబుతాను.

జూన్ 10

చెప్పలేదు. కోడలు ఆదరాబాదరాగా తిని వెళ్ళిపోయింది. నిలబడి చెప్పే సంగతి కాదు.

జూన్ 11

గుండ్లు మార్చింది తనే కదా. ఈ మాట బయటికొస్తే చెడ్డపేరు వచ్చేది ఆ పిల్లకే. అందుకని తొందరపడదలుచుకోలేదు. ఇది పూర్తిగా ఆమె కోసమే. ఈ ముక్క ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను.

జూన్ 12

ఒక్క పూటలో వ్యాసం ఏడు పేజీలు సాగింది. ఇంత ధారగా ఎప్పుడూ రాయలేదు. ఇన్నేళ్ళు చదివిన పుస్తకాలన్నీ ఇవాళ్టికి అక్కరకొచ్చాయి. డాక్టరును ఎక్కడా దొంగ అనలేదు. చదివినవాడు తనే అంటాడు.

జూన్ 13

వాన. కుర్చీ. రెండు టీలు. పొట్లం బల్ల సొరుగులో ఉంది.

జూన్ 14

కోబాల్టే అయ్యుండడానికి కూడా అవకాశం లేకపోలేదు.

జూన్ 16

ఉదయం కోడలు చెప్పులేసుకుంటూ ఆగి అడిగింది.

"మీ కాలంలో ఎప్పుడైనా ఇలా అయిందా మావయ్యగారూ? గుర్తు చేసుకుని చెప్పండి. ఏ చిన్నదైనా సరే."

"మా కాలంలో పొడిని గౌరవించేవాళ్ళం" అన్నాను.

మాట చక్కగా కుదిరింది. ఆమె "అవును" అని వెళ్ళిపోయింది. రోజంతా ఆ మాట నాలుక్కి అంటుకుని ఉంది, కడిగినా పోలేదు.

జూన్ 17

ఏమీ లేదు.

జూన్ 18

సాయంత్రం కోడలు చంకలో ఏదో పెట్టుకుని వచ్చింది. కాగితం విప్పి నా బల్ల మీద పెట్టింది. నా చెక్క పలక.

"సెక్షన్ మూస్తే ఎవరో ఒకరు కొలిమిలో పారేస్తారు. ముందే తెచ్చేశాను. మీది మీ దగ్గర ఉంటుంది."

"మూస్తారని ఎవరన్నారు?"

"ఇంకా ఎవరో అనాలా?"

ఏడవడం లేదు. ఆ పిల్ల ఏడవదు. పలక మీద దుమ్ము తన చీర కొంగుతో తుడుస్తోంది. అంచుల్లో కూడా తుడిచింది.

సొరుగు తెరిచి పొట్లం చేతిలో పెట్టాను.

"ఇదేమిటి?"

"నీ రోగం. నా రోగం కూడా. విప్పు."

విప్పింది. గుండును అరచేతిలో పెట్టుకుంది. నేను అబ్బాయి ఉపన్యాసం నుంచి గుండ్లక్క కుండీల దాకా అంతా చెప్పాను. సగం వినేసరికే కుర్చీ లాక్కుని కూర్చుంది. పొట్లం కాగితాన్ని కాసేపు చూసింది, మడిచి సంచీలో పెట్టుకుంది.

"ఎప్పుడు తెలిసింది మావయ్యగారూ?"

"ఇవాళే."

"ఇవాళేనా?"

"ఇవాళే."

"సరే."

"నీకు మాటొస్తుందేమో. గుండ్లు మార్చింది నువ్వు."

"రానివ్వండి. మార్చాను కాబట్టేగా తెలిసింది. లేకపోతే ఇంకో యాభై ఏళ్ళు ఎవరికీ తెలియకుండా అరిగేవి."

"పాత గుండ్లే మళ్ళీ వేయించు. రేపే అయిపోతుంది."

"వద్దు. ఈ నెల ఇంత అరిగితే వచ్చే నెల ఎంత అరుగుతుందో ఎవరికి తెలుసు? అల్యూమినియం నీళ్ళలో కలిపి కొలిచి పోస్తాను. ఎంత పోయాలి?"

ఎంత పోయాలి. ఏడాదికి ఇరవై కిలోల గుండ్లు, నలభై టన్నుల పొడి. టన్నుకు అర కిలో అరిగిందన్నమాట. అందులో కాలేటప్పుడు రేణువుల్లోకి దిగింది ఎంత, దిగకుండా ఊరికే కూర్చున్నది ఎంత? పాలు మించితే బిళ్ళ కారుతుంది, తగ్గితే గేటు తెరుచుకోదు. ఇరవై ఎనిమిదిలోగా రుబ్బి, ఆరబెట్టి, నొక్కి, కాల్చడానికి ఉన్నది ఒక్క వాయికే సమయం. ఇంకో వారం ముందు తెలిసుంటే రెండు వాయిలు కాల్చి చూసుకునేదాన్నని తనలో తను గొణుక్కుంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"ఈ లెక్క చెప్పగలిగింది ఒక్కరే" అంది.

"చచ్చినా వెళ్ళను."

"నేను వెళ్ళి అడగనా?"

"నువ్వెందుకు వెళ్ళడం? అతను నీకేమవుతాడు?"

"మీకేమవుతారు?"

సొరుగు మూశాను.

(ఇది రాయడానికి పైన తేదీ వేస్తుంటే గుర్తొచ్చింది. పొట్లం కట్టిన రోజున అలవాటు కొద్దీ దాని మీద కూడా తేదీ వేశాను. "పాత గుండు. జూన్ 9." నా చేతిరాతే. ఆమె దాన్ని చదివింది. చదివి "సరే" అంది.)

జూన్ 19

డాక్టరు తలుపు తీసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"రండి" అన్నాడు. మీరు, రండి. పాతికేళ్ళ వయసులో ఒకే బీడీని చెరిసగం కాల్చుకున్నవాళ్ళం.

గది నిండా విప్పిపోసిన రేడియోలు. పతకం కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా దానికి వేలాడుతోంది. నేను ఇన్నాళ్ళూ దాన్ని గాజు పెట్టెలో ఊహించుకున్నాను.

నిలబడే చెప్పాను. గుండు అతని బల్ల మీద పెట్టాను. భూతద్దం తీసుకుని దాన్ని టమాటాను చూసినట్టే చూశాడు. చాలాసేపు.

"ఇరవై కిలోలు అని ఎవరన్నారు?"

"గుండ్లక్క."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"అప్పుడే అడగొచ్చుగా."

కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. నవ్వుతాడేమో, కోప్పడతాడేమో అని చూశాను. అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అయితే మన పేపరు తప్పన్నమాట" అన్నాడు.

మన పేపరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఒక్క అక్షరాల జత కోసం నేను చీటీలు రాశాను, పై అధికారులకు అర్జీలు పెట్టాను, ఒక స్నేహాన్ని పాతిపెట్టాను. ఇవాళ పేపరు చచ్చాక వాటా ఇస్తున్నాడు. మునిగిన పడవలో సగం.

"ఆ రోజుల్లోనే 'మన' అని ఉంటే ఏం పోయేది?" అన్నాను.

"రాశాను. నీ పేరు నా పేరు పక్కనే రాశాను. పొడి గదివాళ్ళకి పట్టా లేదు, పేరు కుదరదన్నారు పైవాళ్ళు. ఆ వాక్యం ఒక్కటి మిగిల్చారు. చెబుదామని వచ్చాను. నువ్వు చీటీ పంపించమన్నావు."

అన్నాను. నిజమే. ఆ రోజు చీటీ పంపించమన్నాను.

ఇది అతను ఇవాళ కల్పించి చెప్పాడా? అయ్యుండవచ్చు. ఇన్నేళ్ళు పుస్తకాలు చదివిన నాకు కల్పన పోలిక తెలుసు. ఇది అలా లేదు.

లెక్క మాత్రం పావుగంటలో కట్టేశాడు, సిగరెట్ పెట్టె వెనక. గుండ్లు అరిగిన పొడి ఎక్కువ భాగం ఆంటిమొనీతో జతకట్టి మూల కూర్చుంటుందట, రేణువుల్లోకి దిగదట. నీళ్ళలో కరిగించి పోస్తే దాదాపు అంతా దిగుతుందట. "పదో వంతు చాలు. టన్నుకు యాభై గ్రాములు. అరవై దాటించకండి."

"ఖాయమేనా?"

"ముప్పై ఏళ్ళ కింద అయితే ఖాయమనేవాణ్ణి."

జూన్ 20

కోడలు సిగరెట్ పెట్టెను చూసి, "దీని మీద తేదీ లేదు" అంది. నా ముఖం చూడలేదు. పెన్నుతో తనే వేసుకుంది.

జూన్ 21

పొడి గదికి నన్నూ గుండ్లక్కనూ రమ్మంది. ముగ్గురం తలలకు టోపీలు పెట్టుకున్నాం. రెండు వందల కిలోల పొడి. దానికి అల్యూమినియం లెక్క పది గ్రాములు. ఆ లెక్క ప్రకారం అల్యూమినియం ఉప్పును గాజు గ్లాసులో నీళ్ళలో కరిగించింది. చూడటానికి ఉత్త నీళ్ళే.

"ఇంతేనా?" అంది గుండ్లక్క. "దీనికోసమా మీరిద్దరూ నా చేత పదిహేడేళ్ళు చీటీలు మోయించారు?"

"దీనికోసమని తెలీదక్కా."

"తెలిస్తే మోయించేవారు కారా?"

"అప్పుడు ఇంకో దానికి మోయించేవాళ్ళం."

మిల్లు తిరిగింది. కొత్త గుండ్ల చప్పుడు పాతవాటిలా లేదు, సన్నగా ఉంది. నా కుర్చీలో కాసేపు కూర్చున్నాను. కోడలు చెయ్యి నాకన్నా నిదానం. అది ఇక్కడ రాస్తున్నాను, ఆమెతో చెప్పను.

జూన్ 24

నొక్కిన బిళ్ళలు కొలిమిలోకి వెళ్ళాయి. ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడటం లేదు, కొలిమి ఇంట్లోనే ఉన్నట్టు.

జూన్ 26

చల్లారాయి. మామూలు కరెంటు దగ్గర ఒక వెంట్రుకంత ఎక్కువ కారుతున్నాయి. అచ్చం పాత బిళ్ళలు కారినంత. కోడలు ఆ అంకె చెప్పినప్పుడు నాకు ఎవరో చిన్ననాటి స్నేహితుడి గొంతు విన్నట్టయింది.

పెద్ద దెబ్బ సంగతి ఎవరికీ తెలియదు.

జూన్ 28

పొద్దున్నే బిళ్ళలతో పాటు వ్యానులో వెళ్ళింది. అబ్బాయి ఆసుపత్రి మూసి ఇంట్లోనే ఉన్నాడు. పదకొండు గంటలకు డాక్టరు వచ్చాడు. "ఊరికే ఇటు వెళ్తూ" అన్నాడు. అతని ఇల్లు అటు. గుండ్లక్క వచ్చి, అడక్కుండానే నా మొక్కలకు నీళ్ళు పోసింది.

ఇది పోతే తప్పు పదో వంతుది కాదు, డాక్టరుది కాదు. ఇంకో వాయి కాల్చుకోవడానికి ఉండవలసిన తొమ్మిది రోజులది. అవి నా సొరుగులో ఉన్నాయి. ముప్పై నలుగురు పనివాళ్ళు, ఒక కోడలు, శనగగింజంత పొట్లంలో. ఈ ముక్క జూన్ 11న రాసిన ముక్క కింద రాసుకోవలసింది.

రెండూ ఇరవైకి ఫోను.

"మావయ్యగారూ."

"చెప్పమ్మా."

"తెరుచుకుంది."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"మూసుకుంది కూడా. ఇరవై బిళ్ళలకి ఇరవై."

డాక్టరు నా ముఖం చూసి, లేచి వెళ్ళి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అబ్బాయి "మరి నాన్న ఎందుకు మాట్లాడటం లేదు?" అని గుండ్లక్కను అడిగాడు. "పన్ను పట్టేసి ఉంటుంది బాబూ" అంది ఆవిడ.

జూన్ 29

కూరగాయల దుకాణంలో డాక్టరు.

"ఒక సంగతి తట్టింది. అసలు ఆ అల్యూమినా గుండ్లు తెప్పించింది నేనే. నాకు బాగా గుర్తు" అన్నాడు.

"నువ్వా? కొనుగోలు ఇండెంటు మీద సంతకం నాది."

"సంతకం నీది కావచ్చు. సలహా నాది."

"సలహా చీటీ మీద ఇచ్చావా, నోటితోనా?"

"చీటీ మీదే."

"అయితే చూపించు."

దుకాణంవాడు ఇద్దరినీ పక్కకు జరగమన్నాడు. జరిగి, అరగంట సేపు అక్కడే వాదించుకున్నా తేల్చుకోలేకపోయాం. ఇంటికొచ్చాక చూస్తే కూరగాయలు కొననే లేదు. ఎంత హాయిగా ఉందో.

జూన్ 30

పంతొమ్మిది పేజీల వ్యాసం చించేశాను. బాగా రాసిన పేజీలు, చించుతుంటే కొంచెం బాధ వేసింది. సంపాదకుడికి ఒకటే పేజీ పంపాను. శీర్షిక "గుండ్లక్క అడిగిన ప్రశ్న". తీపి గుర్తులు అడిగాడు, ఇచ్చాను.

సాయంత్రం కోడలు పలకను తిరిగి తీసుకెళ్ళడానికి నా గదికి వచ్చింది. చంకలో సెక్షన్ నమూనాల రిజిస్టరు ఉంది. "ఇందులో మీ సంతకం కావాలి" అని తెరిచి పెట్టింది. ఆ శనగగింజంత గుండును రిజిస్టరులోకి ఎక్కించింది, వరస సంఖ్యతో సహా.

నమూనా: పాత మిల్లు గుండు. తీసిన తేదీ: జూన్ 9. అందిన తేదీ: జూన్ 18.

ఆ రెండు తేదీల వంక ఎంతసేపు చూశానో తెలియదు. ఆమె తొందర పెట్టలేదు. చివరి గడి "వివరణ". మధ్యలో ఆలస్యమైతే కారణం అందులో రాయాలి. ఆ నియమం పెట్టింది కూడా నేనే. గుండ్రటి చేతిరాతతో నింపేసి ఉంది:

"నమూనా తడిగా ఉన్నందున తొమ్మిది రోజులు ఆరబెట్టబడినది."

ఆరు పెన్సిళ్ళూ పక్కన పెట్టి పెన్ను తీసుకున్నాను. సంతకం చేశాను. కింద తేదీ వేశాను, ఇవాళ్టిదే.